లక్ష్మణమ్మ పంచిన సారె

మా తోటికోడలు లక్ష్మణమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. గజపతినగరం సంతలో వంకాయలు ఏరుతూ కూడా కూతురు కాపురముంటున్న కొత్త సిటీ కబుర్లు చెప్పాల్సిందే.

“మా యమునోలున్న కాడ రోడ్డు మీద రోడ్డున్నాదే. కిందన లారీలెల్తంటే పైన కార్లెల్తాయి. బజార్లో మెట్లెక్కక్కర్నేదు, మెట్లే మనల్ని ఎక్కిస్తాయి. సముద్రం ఒడ్డు పొడుగునా రంగు దీపాలే. పట్నమంటే అదీ!” అని చేతులు తిప్పుతూ చెబుతుంటే వంకాయలమ్మే మనిషి తూకం మరిచిపోయి వినేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఈవిడ ఆ సిటీకి వెళ్ళింది ఒకే ఒక్కసారి, అదీ గృహప్రవేశానికి. మిగతా కోతలన్నీ యమున ఫోన్లో చూపించిన బొమ్మల్లోంచి కోసినవే.

నా పేరు అరుణశ్రీ. ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. లక్ష్మణమ్మ భర్త జగన్నాధం బావకి మా ఆయన సొంత తమ్ముడు. ఆవిణ్ణి అక్కా అని పిలుస్తాను, రోజుకోసారి పోట్లాడతాను. ఇంకెవరైనా ఆవిణ్ణి ఒక్క మాటంటే మాత్రం ఊరుకోను.

అయినా ఆవిణ్ణొక్కదాన్నే అని లాభం లేదు. మా చుట్టుపక్కల అందరికీ అదే పిచ్చి. విశాఖపట్నం ఇటు పాకుతోంది, విజయనగరం అటు పాకుతోంది, మధ్యలో తగరపువలస, ఆనందపురం, భోగాపురం ఉబ్బిపోతున్నాయి. ఎయిర్‌పోర్టు మాట పుట్టిన దగ్గర్నుంచీ సరుగుడు తోటలూ జీడితోటలూ ఉన్న చోటల్లా ప్లాట్ల రాళ్ళు పాతేశారు. ఆదివారమొస్తే మా ఊరి కుర్రాళ్ళు బళ్ళేసుకుని అటే పోతారు. అక్కడ కాఫీ తాగుతూ ఒక ఫోటో, ఏదో గాజు మేడ ముందు నిలబడి ఒక ఫోటో. ఇంత దగ్గర్లో రామతీర్థం ఉంది, కొండెక్కి చూసి రండిరా అంటే “ఏటున్నాది అక్కడ?” అంటారు. పెళ్ళి సంబంధమంటే అమ్మాయిల మొదటి ప్రశ్న, “అబ్బాయి సిటీలో ఉంటాడా?” సిగ్గుచేటు గానీ నేనూ తక్కువ దాన్ని కాదు. మా యమున హైవే పక్క పెద్ద అపార్ట్‌మెంట్లో ఉంటోందని మా టీచర్ల మీటింగులో ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే తెలీదు.

ఊళ్ళో లక్ష్మణమ్మకి పేరొచ్చింది మాత్రం ఈ కోతల వల్ల కాదు, సారె వల్ల. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టే సారె మా వైపు ఒక ఇంటికి పెట్టేది కాదు, ఊరికి పెట్టేది. గడప గడపకీ వెళ్ళి చేతిలో పెట్టాలి. మాటలు లేని ఇంటికైనా సరే పెట్టాలి. ఒక గడప వదిలేశారంటే ఆ ఇంటిని వెలేసినట్టే. ఊళ్ళో ఎవరింట సారె వండినా పొయ్యి దగ్గర లక్ష్మణమ్మ కూర్చోవాలి. అరిసెల పాకం ఆవిడే చూడాలి, నువ్వులూ బెల్లం రోట్లో వేసి చిమ్మిలి ఆవిడే దంచాలి. ఇంత చేసి రూపాయి ముట్టదు. ఒకసారి ఎవరో బలవంతాన చీర పెట్టబోతే, “సారె కాడ కూలేటి? నా సేతులు పడిపోనూ!” అని ఆ చీర అక్కడే పడేసి వచ్చేసింది.

ఆ పట్టుదలకి కారణముంది. తను కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి సారె మా పడమటి వీధికి చాలలేదు. మా అత్త పోయేదాకా ఆ దెప్పు మానలేదు. ఇంట్లో గిన్నె జారిపడినా, “నీ పుట్టింటోలు సేసిన పనికి ఆ ఈధిలో తలెత్తుకోనేకపోతన్నాను” అనేది. అక్క ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. వెళ్ళి పశువుల శాలలో ఏడ్చేది. యమున పుట్టింట్లో పురుడు పోసుకుని మగపిల్లాణ్ణి కన్న రోజునే అక్క నాతో అంది, “దీన్ని అత్తారింటికి అంపినపుడు ఆ అపార్టుమెంటుల ఒక్క గడప తప్పకూడదే అరుణా. నా కూతుర్ని ఎవలూ ఒక్క మాటనకూడదు.”

బాబుకి అయిదో నెల వచ్చాక మంచిరోజు చూసి బయల్దేరాం. వరినాట్లు వేసే ఉభాల రోజులు కావడంతో బావ కదల్లేదు. కారు డిక్కీ నిండా అరిసెలు, సున్నుండలు, కాజాలు, చిమ్మిలి. ముందు సీట్లో నేను, వెనక ఒళ్ళో మనవడితో అక్క, పక్కన యమున. విజయనగరం దాటి నాతవలస దగ్గర హైవే ఎక్కామో లేదో అక్క అద్దానికి అతుక్కుపోయింది.

“ఓలమ్మ! అదేటే అంత పొడుగు?”

“అపార్ట్‌మెంటమ్మా.”

“మరిదేటి, నీలం గొట్టాలు?”

“పిల్లలు నీళ్ళల్లో జారే పార్కు. బాబు పెద్దయ్యాక తీసుకెళ్దాం.”

“సూడ్రా నాన్నా, నీ ఊరు సూడు,” అని నిద్రపోతున్న పసివాణ్ణి లేపి మరీ చూపించింది. వాడు గుక్కపట్టాడు. ఆవిడకి పట్టలేదు. ఆ హోటళ్ళూ ఆ షోరూములూ ఆ పార్కులూ అన్నీ తనే కట్టించి కూతురికి రాసిచ్చినంత సంబరం ఆవిడ మొహంలో.

అపార్ట్‌మెంట్లో మా వియ్యపురాలు రాజకుమారి హారతిచ్చి లోపలికి పిలిచింది. ఆవిడది గరివిడి దగ్గర పల్లె. ఒకప్పుడు మా అందరికన్నా గట్టిగా “ఏటి” అన్న మనిషే. ఇప్పుడు ఆ మాట రాకుండా నాలుక మడతపెట్టి మాట్లాడుతోంది. అల్లుడు గిరిబాబు మందుల కంపెనీలో డ్యూటీకి వెళ్ళాడు. డబ్బాలు ఒక్కొక్కటీ లోపలికొస్తుంటే రాజకుమారి మొహంలో రంగు మారింది.

“ఇంత ఎందుకు తెచ్చారు వదినా? ఇక్కడ అందరికీ షుగర్లే. ఎవరు తింటారు?”

“తిన్నా తినకపోయినా గడప తప్పకూడదు కదొదినా.”

“ఇక్కడ అలా కుదరదు. ఎదురింట్లో ఎవరుంటారో నాకే సరిగ్గా తెలీదు. మొన్న వేసవిలో మేడ మీద మిరపకాయలు ఎండబోశానని ఫోటో తీసి అందరి ఫోన్లలో పెట్టారు. ఇది అపార్ట్‌మెంటా పల్లెటూరా అని రాశారు. మా గిరి లిఫ్టులో ఎవరికీ మొహం చూపించలేక కొన్నాళ్ళు మెట్లెక్కి తిరిగాడు. సాయంత్రం తెలిసిన నలుగురికీ నేనే ఇస్తాను. మిగతాది ఫ్రిజ్‌లో పెడదాం.”

అక్క తలూపింది. అది ఒప్పుకున్న తలూపడం కాదని నాకు తెలుసు. ఫ్రిజ్‌లో పెడదాం అన్న మాటకే ఆవిడ మొహం ముడుచుకుపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రాజకుమారి తన గదిలోకీ, యమున బాబుతో తన గదిలోకీ వెళ్ళి తలుపులేసుకున్నారు. అక్క లేచి పట్టుచీర కట్టింది. మొహాన ఇంత బొట్టు పెట్టుకుంది. పెద్ద బేసిను నిండా సారె సర్ది పైన తెల్లగుడ్డ కప్పింది.

“రాయే, బేగి పంచేసి వచ్చేద్దుం. ఆలు లేసేతలికి అయిపోతాది.”

“వద్దన్నారు కదక్కా.”

“మొగమాటానికి అన్నాదే. అడిగి పెట్టించుకుంటారేటి సారె? రేపు దీన్ని ఎవలైనా ఉత్త సేతుల్తో వచ్చిందంటే నువ్వొచ్చి సెప్తావా?”

నేను అక్కడే గట్టిగా ఆపాల్సింది. ఆపలేదు సరికదా, లిఫ్టు మీట నొక్కింది నేనే.

పై అంతస్తు నుంచి మొదలుపెట్టాం. మొదటి తలుపు తీసిన కుర్రాడు చెవుల్లోంచి తీగలు కూడా తియ్యకుండా, “మేం ఆర్డర్ చెయ్యలేదాంటీ,” అని మూసేశాడు. రెండో తలుపుకున్న చిన్న గాజుకంట్లో ఎవరో కదిలారు, చూశారు, తియ్యలేదు. అక్క ఒక కాగితం మీద అరిసే, చిమ్మిలుండా పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. మూడో ఇంటావిడకి తెలుగు రాదు. అక్క బేసిను దించి రెండు చేతులా సున్నుండ అందిస్తే, ఆవిడ దణ్ణం పెట్టి, బేసినులో ఒక నోటు వేసి, ఏమీ తీసుకోకుండానే తలుపేసుకుంది.

“ఇదేటే? అమ్మోరి పల్లెంల ఏసినట్టు ఏసేసింది!” అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నోటు తిరిగిచ్చేద్దామని తలుపు కొట్టాం. తియ్యలేదు.

వసారా చివర ఒక అమ్మాయి ఫోనెత్తి మమ్మల్ని ఫోటో తీసింది. “నన్నేనేటే?” అని అక్క కొంగు సర్దుకుని, బేసిను పైకెత్తి, పళ్ళు కనబడేలా నవ్వింది. అప్పుడైనా నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేస్తే ఎంత బావుండేది!

ఆ కింది అంతస్తులో రెండో తలుపు కొడుతుండగా వాచ్‌మేన్ వచ్చాడు. పొద్దున మమ్మల్ని లోపలికి వదిలిన మనిషి కాదు. వెనకాలే కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. ఆవిడ ఈ అపార్ట్‌మెంటు సంఘంలో పెద్దమనిషిట.

“ఎవరు పంపారమ్మా మిమ్మల్ని? ఏ ఫ్లాటు తాలూకా?” అన్నాడు వాచ్‌మేన్.

వాడే మళ్ళీ కళ్ళజోడావిడ వైపు చూపించి, “అమ్మగారు అందరి ఫోన్లలో పేరు పెడతామంటున్నారు. ఎవరు రానిచ్చారో వాళ్ళ పేరు అందరికీ తెలియాలంట. చెప్పండి, ఏ ఫ్లాటు?”

నేను నోరు తెరిచాను. పేరు చెప్పి ఆ కళ్ళజోడావిడకి నాలుగు తగిలిద్దామనే తెరిచాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. ఆవిడ కళ్ళల్లో ఏం తిరిగిందో నాకు తెలుసు. ఎండబోసిన మిరపకాయలు, మెట్లెక్కి తిరిగిన అల్లుడు, ఇక ముందు ఈ ఇళ్ళ మధ్య బతకాల్సిన కూతురు.

“ఎవల తాలూకా కాదు బాబూ,” అంది. “అమ్ముకోడానికొచ్చాం.”

నాకు తల తీసేసినట్టయింది. పాతికేళ్ళు ఊరందరి సారె వండి రూపాయి ముట్టని మనిషి, కూతురి సారె నెత్తిన పెట్టుకుని ఆ మాటంది!

కళ్ళజోడావిడ మెత్తబడింది. “అమ్ముకునేవాళ్ళు గేటు దగ్గర కూర్చోవాలమ్మా, ఇలా తలుపులు కొట్టకూడదు. ఇంతకీ ఏంటవి?” అని గుడ్డ ఎత్తి చూసింది. “అరే, చిమ్మిలి! మా అమ్మమ్మ చేసేది,” అని ఒక ఉండ నోట్లో వేసుకుంది. ఆ తరవాత మేం కొట్టినప్పుడు తెరుచుకోని తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆవిడ పిలిస్తే నలుగురైదుగురు పోగయ్యారు.

“ఎలా ఇస్తున్నారు?”

అక్కకి ధర తెలిస్తే కదా. “మీకు తోసినంత ఇయ్యండమ్మా,” అంది. ఒకరు నోటిస్తే చేత్తో తీసుకుంది. ఇంకొకరిస్తే తీసుకుంది. చీర విసిరేసిన చేతులవి. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవర్ని చూసి సిగ్గు అంటే చెప్పలేను. ఆవిణ్ణి చూసా, వాళ్ళని చూసా, ఈ సిటీ సిటీ అని నేను కొట్టుకున్న డప్పు తలుచుకునా?

అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుని రాజకుమారి దిగింది. ఫోన్లో ఫోటో చూసుకునే వచ్చినట్టుంది, జుట్టు కూడా ముడేసుకోలేదు. మమ్మల్ని చూసింది.

“రండి రాజకుమారిగారూ, మీరూ తీసుకోండి. మీ ఊళ్ళవైపు సరుకే!” అంది కళ్ళజోడావిడ. పక్కనున్నామె కిసుక్కున నవ్వింది.

అక్క రాజకుమారి మొహంలోకి చూసి, కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది. చెప్పకు వదినా, అని. నేనూ ఆవిడవైపే చూస్తున్నాను. చెప్పవే, ఈవిడ మా వియ్యపురాలు, ఇది నా కోడలి సారె అని ఒక్క మాట చెప్పవే, అని నా ప్రాణమంతా కొట్టుకుంది. రాజకుమారి పెదవులు కదిలాయి. చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒకసారి చూసింది.

“ఎంత?” అంది.

అక్క బేసినులోంచి దోసిలి నిండా తీసి, అందరికన్నా ఎక్కువే తీసి, వంగి ఆవిడ చేతుల్లో పెట్టింది. రాజకుమారి అప్పడిగి పక్కామె చేత నోటు ఇప్పించింది. మనిషి చెడ్డది కాదు. ఆ మిరపకాయల రోజు నుంచీ భయపడుతూ బతుకుతున్న మనిషి. అది నాకిప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు మాత్రం జుట్టు పట్టుకుని ఈడ్చేద్దామనిపించింది.

బేసిను ఖాళీ అయింది. అందరూ ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. రాజకుమారి మాతో రాలేదు, దోసిలి అలాగే పట్టుకుని లిఫ్టులోకి వెళ్ళిపోయింది. వాచ్‌మేన్ మాకు మెట్ల వైపు చూపించి, “ఇంకోసారి రాకండమ్మా, నా ఉద్యోగం పోతాది,” అన్నాడు. వాడి మాటలో మా ఊరి యాస వినబడి ఇంకా కుచించుకుపోయాను.

రెండు మెట్లు దిగామో లేదో మలుపులో యమున నిలబడి ఉంది. భుజం మీద బాబు. ఎంతసేపట్నుంచి అక్కడ ఉందో తెలీదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

బాబు అక్కని చూడగానే ఒళ్ళు విరుచుకుని చేతులు చాపాడు. అయిదు నెలలు ఆవిడ ఒళ్ళోనే పెరిగినవాడు. యమున వాణ్ణి అందించబోయింది. అక్క ఒక అడుగు వెనక్కేసి చేతులు వీపు వెనక పెట్టేసుకుంది.

“ఈ సేతుల్తో ఎత్తుకోనేనే. సారె అమ్మీసిన సేతులు.”

“అమ్మా…”

“నీకేటీ తెల్దులే. నిద్దరోతన్నావు కదా నువ్వు.”

అలా అనుకుంటూ వెళ్ళిపోతే సరిపోయేది. యమున అలా పోనివ్వలేదు. “నిద్రపోలేదమ్మా,” అంది. “ఫోటో వచ్చింది. ఫోటోలో నువ్వు నవ్వుతున్నావు.”

అక్క ఒక మెట్టు మీద కూలబడింది. నాకు యమునని చెయ్యెత్తి ఒకటి వెయ్యాలనుంది, వేసే మొహం నాకెక్కడుంది?

“ఎప్పుడొచ్చిందే?” అంది అక్క.

“ముందే. వాచ్‌మేన్ మీ దగ్గరికి రాకముందే.”

“బాబు ఏడుస్తన్నాడేటి అప్పుడు?”

“లేదు.”

“పాలిస్తన్నావేటి?”

యమున తల అడ్డంగా ఊపింది. ఆవిడ సాకులు వెతికిపెడుతోంది, ఈ పిల్ల ఒక్కటీ తీసుకోవడం లేదు. అక్క చేతిలో నలిగిన నోట్లు చూసుకుని కొంగు కింద దాచేసింది. తరవాత మొహం తుడుచుకుని, తప్పంతా తన మీద వేసుకోవడానికి దారి దొరికినట్టు గబగబా అంది.

“నానే తొందరపడ్డానే అమ్మా. నోరు జారీసినాను. ఇంకాసేపు కనిపెట్టుకునుండాల్సింది. ఉంటే నువ్వొచ్చీదానివి. వచ్చి మా అమ్మని సెప్పీదానివి.” ఆగి కూతురి మొహంలోకి చూసింది. “వచ్చీదానివి కదే?”

యమున బాబు తల మీద టోపీ సరిచేసింది. సరిగ్గానే ఉన్న టోపీని మళ్ళీ సరిచేసింది. అక్క మెట్టు మీద కూర్చుని, దాని మొహంలోకి చూస్తూనే ఉంది.